పట్టు షెడ్లకు చలి అంచనా: ఒక డిసెంబరు వారం, ఒక తప్పిన రాత్రి

బెంగళూరు ఉత్తరాన యలహంక వైపు ఉన్న మా చిన్న కార్యాలయం నుంచి చిక్కబళ్లాపురం, కోలారు జిల్లాల రైతులకు ప్రతి శీతకాలమూ రాత్రి ఉష్ణోగ్రతల అంచనాలు ఇస్తుంటాము. వారిలో చింతామణి, శిడ్లఘట్ట మధ్య గ్రామాలలో పట్టుపురుగులు పెంచే ఒక రైతు బృందం ఉంది. దాదాపు అందరూ ఇంట్లో తెలుగు మాట్లాడేవారే. ఈ కేసు వారికోసం ఒక డిసెంబరు చివరి వారంలో ఇచ్చిన ఆరు రాత్రుల అంచనాకు సంబంధించినది. అందులో మొదటి రాత్రి పూర్తిగా తప్పింది. ఆ తరువాతి మూడు రాత్రులు మిట్ట మీద సరిపోయి పల్లంలో తప్పాయి. ఐదో రాత్రి మళ్లీ తప్పింది. ఇక్కడ ఇచ్చిన ఉష్ణోగ్రతలన్నీ మేము పెట్టిన థర్మామీటర్లవే కాని అధికారిక కేంద్రాలవి కావు.

పట్టుపురుగుకు సొంత ఒంటి వేడి ఉండదు, గది ఎంత ఉంటే పురుగు అంతే ఉంటుంది. చాకీ (లేత పురుగు) దశలో 26 నుంచి 28 డిగ్రీలు, పెద్ద పురుగు దశలో 24 డిగ్రీల ప్రాంతంలో ఉంటే మేత బాగా తింటుంది. 20కి దిగువన మేత తగ్గుతుంది, జ్వరాలు (పురుగు మేత మాని పొర విడిచే దశలు) ఆలస్యమవుతాయి, ఒకే తట్టలో కొన్ని పురుగులు జ్వరం నుంచి లేచి మేతకు ఎదురుచూస్తుంటే మరికొన్ని ఇంకా తలలెత్తి కదలకుండా ఉంటాయి. ఇలా ముందూ వెనకా అయిన పంట చంద్రికలకు (గూళ్లు అల్లుకునే తట్టలకు) ఎక్కేటప్పుడు రైతుకు రెండింతల పని పెడుతుంది. రేకుల కప్పు ఉన్న షెడ్డులో ఇంకో బాధ కూడా ఉంది. బయట ఆకాశం తేటగా ఉన్న రాత్రి రేకు త్వరగా చల్లబడుతుంది, లోపలి తేమ దాని అడుగున చుక్కలుగా పట్టి తెల్లవారుజామున ఒక్కొక్కటే పడకల మీద పడుతుంది. శిడ్లఘట్ట దగ్గర ఒక షెడ్డులో అలా తడిసిన పడకను నేను వేలితో తాకి చూశాను. పైన ఆకు పచ్చగానే ఉంది, దాని కింద లద్దె (పురుగుల రెట్ట) ముద్దగా మారి పులిసిన వాసన కొట్టింది.

కనుక రైతులు నన్ను అడిగినది ‘చలి పెరుగుతుందా’ అని కాదు. ఏ రాత్రి హీటరు పెట్టాలి, ఎన్ని గంటలకు పెట్టాలి, ఆ వారంలో రావలసిన చాకీ పురుగులను రెండు రోజులు ఆపమనాలా వద్దా అన్నవి వారి ప్రశ్నలు. రెండు కిలోవాట్ల హీటరు ఎనిమిది గంటలు తిరిగితే పదహారు యూనిట్లు కాలుతుంది. అనవసరంగా భయపెట్టినా వారికి నష్టమే, చెప్పకపోయినా నష్టమే.

నేను నా సందేశాలలో ‘శీతల గాలులు’ అన్న మాట వాడను. భారత వాతావరణ శాఖ లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగి, అది సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు తక్కువగా ఉన్నప్పుడు ఆ మాట వర్తిస్తుంది, 4 డిగ్రీలకు దిగితే సాధారణంతో పోల్చనక్కరలేకుండానే వర్తిస్తుంది. సాధారణం అంటే ఆ కేంద్రానికి ముప్పై ఏళ్ల సగటు. చెరువు వెనక ఉన్న ఒక మల్బరీ తోటకు ముప్పై ఏళ్ల సగటు ఎవరి దగ్గరా లేదు. బెంగళూరు నగర కేంద్రంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరి 13న. అప్పటినుంచి అంత చలి నగరం చూడలేదు. కాని నగరానికి బయట, పల్లపు పొలాలలో, ఆ అంకెకు దగ్గరగా వెళ్లే రాత్రులు అరుదేమీ కావు.

ముందు వారం పరిస్థితి ఇది. బంగాళాఖాతం నైరుతి భాగంలో ఏర్పడిన అల్పపీడనం పడమరగా కదిలి కన్యాకుమారి దిశగా వెళ్తోంది. దాని ప్రభావంతో మా పీఠభూమి మీద నాలుగు రోజులు ముసురు పట్టింది, పగలు 22 డిగ్రీలు దాటలేదు, రాత్రి 18కి దిగలేదు. బెంగళూరువాసులు ఇలాంటి రోజులనే ‘భలే చలి’ అంటారు, స్వెటర్లు బయటికి వచ్చేదీ అప్పుడే. పట్టుపురుగుకు మాత్రం ఆ రాత్రులు ఇబ్బందికరమైనవి కావు. అల్పపీడనం అరేబియా సముద్రంలోకి దాటిపోయాక, ఉత్తర భారతం మీదుగా ఒక వెస్టర్న్ డిస్టర్బెన్స్ (పడమటినుంచి వచ్చే వాన వ్యవస్థ) సాగిపోయాక, మధ్య భారతం మీద అధిక పీడనం బలపడుతుందని, దాని దక్షిణపు అంచున మనకు పొడి ఈశాన్య గాలి వస్తుందని కంప్యూటరు మోడళ్లన్నీ ఒక్కమాటగా చెప్పాయి. ఎప్పుడు వస్తుందన్న దగ్గరే తేడా వచ్చింది. ఒక మోడల్ మంగళవారం రాత్రికే ఆకాశం తేటపడుతుందంది. మరొకటి బుధవారం రాత్రి దాకా కింది మబ్బును ఉంచింది.

నేను మొదటి మోడల్‌ను నమ్మాను. కారణం కూడా రాసి పెట్టుకున్నాను. సోమ, మంగళవారాలలో ఆదిలాబాద్, మెదక్ వైపు రాత్రి ఉష్ణోగ్రతలు గట్టిగా పడిపోయాయి, తెలుగు ఛానెళ్లు ‘చలి పంజా’ మొదలుపెట్టాయి. ఆదిలాబాద్ ముందు, ఆ తరువాత హైదరాబాద్, అనంతపురం, చివరకు మనం అన్న వరుస నా మనసులో చాలాకాలంగా పాతుకుపోయి ఉంది. చలి రైలుబండిలా ఒక్కొక్క స్టేషను దాటుకుంటూ వస్తుందన్నట్టు ఆలోచించాను. మంగళవారం మధ్యాహ్నం రైతులకు పంపిన సందేశంలో మిట్ట ప్రాంతాలకు 12 డిగ్రీలు, హీటరు రాత్రి పదింటినుంచి అని రాశాను. పదిలో ఎనిమిది పాళ్లు నమ్మకం అని కూడా జతచేశాను, ఆ ఎనిమిదే ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది.

బుధవారం ఉదయం మిట్ట మీది థర్మామీటరు 16.1 చూపింది. ఆరున్నరకే ఒక రైతు ఫోను చేశారు. ‘ఏం సార్, చలి చలి అంటిరి, నేను దుప్పటి కూడా కప్పుకోలేదు. హీటరు ఊరికేనే తిరిగె గదా.’ ఆయన గొంతులో కోపం కంటే వేళాకోళమే ఎక్కువగా వినిపించింది. అది ఇంకా కష్టం.

జరిగినది ఏమిటంటే, రాత్రి పదకొండు దాకా నక్షత్రాలు కనబడ్డాయి, ఉష్ణోగ్రత 17 దాకా చక్కగా దిగింది, ఆపైన తూర్పు నుంచి పలచని కింది మబ్బు దుప్పటిలా పరుచుకుని తెల్లవారేదాకా కదలలేదు. తేట రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదులుకుంటుంది. కింది మబ్బు ఉంటే అందులో అధిక భాగాన్ని తిరిగి కిందికే పంపుతుంది. మబ్బు వచ్చిన క్షణంనుంచి మా థర్మామీటరు గీత బల్లపరుపుగా సాగింది.

ఆ మబ్బును ముందుగా పట్టుకోవడానికి కావలసినవన్నీ మంగళవారం సాయంత్రానికే నా బల్ల మీద ఉన్నాయి. బుధవారం పగలంతా కూర్చుని వాటిని తిరిగి చూశాను.

మొదటిది గాలి వచ్చిన దారి. బెంగళూరులో నేల మీది పీడనమే 910 హెక్టోపాస్కల్స్ (గాలి పీడనపు కొలత) ప్రాంతంలో ఉంటుంది కనుక, 850 హెక్టోపాస్కల్స్ మట్టం మనకు నెత్తిన అయిదారు వందల మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. చెన్నైలో అదే మట్టం కిలోమీటరున్నర పైన. ఆ మట్టంలో గాలి ఉత్తరానికి 30, 40 డిగ్రీల కోణంలో వస్తుంటే అది ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, రాయలసీమ నేలల మీదుగా వచ్చిన పొడి గాలి. 70 నుంచి 90 డిగ్రీలైతే అది బంగాళాఖాతం నీటి మీద నడిచి వచ్చిన గాలి. రెండింటినీ మనం ఈశాన్య గాలి అనే పిలుస్తాము, అక్కడే మోసపోతాము. మంగళవారం సాయంత్రం గాలి 75 డిగ్రీల నుంచి వీస్తోంది. నేను పటంలో బాణాల పొడవు చూశానే గాని కోణం కొలవలేదు.

రెండోది ఇంకా సులువైన లెక్క, కాగితం కూడా అక్కరలేదు. గాలిలో ఉన్న తేమ మంచు బిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతను డ్యూ పాయింట్ అంటాము. గాలి పైకి లేచేకొద్దీ తానూ చల్లబడుతుంది, దాని డ్యూ పాయింట్ కూడా కొద్దిగా తగ్గుతుంది. ఆ రెండూ కలిసే ఎత్తు, అంటే మబ్బు అడుగు, నేల మీది ఉష్ణోగ్రతకు డ్యూ పాయింట్‌కు మధ్య ఉన్న తేడాలో ప్రతి డిగ్రీకి సుమారు 125 మీటర్లు. తూర్పు తీరంలో సాయంత్రం 24 డిగ్రీల ఉష్ణోగ్రత, 19 డ్యూ పాయింట్ ఉందనుకుందాము. తేడా అయిదు, మబ్బు అడుగు 625 మీటర్లు. ఆ గాలి చిత్తూరు కొండలు ఎక్కి 900 మీటర్ల పీఠభూమిమీదికి చేరేలోపే మబ్బుగా మారక తప్పదు. తేడా పన్నెండు ఉంటే మబ్బు అడుగు 1500 మీటర్లు, గాలి మన ఎత్తుకు వచ్చేసరికి ఇంకా తేటగానే ఉంటుంది. ఆ సాయంత్రం తీరంలో తేడా అయిదుకు దగ్గరగానే ఉంది. ఆదిలాబాద్ అంకెల మీద పెట్టిన దృష్టిలో సగం తిరుపతి, చెన్నై అంకెల మీద పెట్టి ఉంటే పన్నెండు అని రాసేవాణ్ని కాదు.

మూడోది ఉపగ్రహ చిత్రం. రాత్రివేళ సాధారణ ఇన్‌ఫ్రారెడ్ చిత్రంలో కింది మబ్బు దాదాపు కనబడదు, ఎందుకంటే దాని పైభాగం నేలంత ఉష్ణోగ్రతతోనే ఉంటుంది. నేను పదిన్నరకు ఆ చిత్రమే చూసి ‘ఆకాశం శుభ్రం’ అని రాసుకున్నాను. ఇన్సాట్ ఉపగ్రహంలో 3.9, 10.8 మైక్రాన్ల రెండు ఛానెళ్ల తేడా తీసి చూస్తే ఆ మబ్బు పొర తెలిసిపోతుంది. మరుసటి రోజు అదే సమయపు తేడా చిత్రం తెరిస్తే తూర్పు కొండల అంచు వెంబడి పొర స్పష్టంగా కనబడింది. దేవనహళ్లి విమానాశ్రయం ప్రతి అరగంటకూ ఇచ్చే వాతావరణ నివేదికలో కూడా అర్ధరాత్రి తరువాత కింది మబ్బు నమోదైంది, కాని అప్పటికి నేను నిద్రపోయాను.

నేల తడి సంగతి కూడా చెప్పాలి. నాలుగు రోజుల ముసురుకు తడిసిన నేల పగటి వేడిని లోతుగా దాచుకుంటుంది, రాత్రి నెమ్మదిగా వదులుతుంది. మబ్బు రాకపోయినా ఆ మొదటి రాత్రి 12 వచ్చేది కాదని, బహుశా 14 దగ్గర ఆగేదని ఇప్పుడు అనుకుంటున్నాను. పైగా అంత తేమలో మబ్బు లేకపోతే పొగమంచు పట్టేది.

బుధవారం సాయంత్రం లెక్కను మళ్లీ మొదలుపెట్టాను. రైతు బృందంలో ఇద్దరి దగ్గర పొడి బల్బు, తడి బల్బు (తడిగుడ్డ చుట్టిన) థర్మామీటర్లు ఉన్నాయి. మంగళవారం అయిదున్నరకు అవి 21, 17.5 చూపాయి, అంటే డ్యూ పాయింట్ దాదాపు 16. అదే రోజు చూసి ఉంటే నాకు సమాధానం దొరికేది, ఎందుకంటే రాత్రి ఉష్ణోగ్రత డ్యూ పాయింట్‌ను తాకగానే మంచు కురవడం మొదలవుతుంది, ఆవిరి నీటి బిందువులుగా మారేటప్పుడు వదిలే వేడి ఆపై చల్లదనాన్ని బాగా నెమ్మదింపజేస్తుంది. గురువారం సాయంత్రానికి రెండు బల్బులు 22, 14.5 దగ్గర నిలిచాయి. డ్యూ పాయింట్ 10కి కాస్త లోపు. 850 మట్టంలో గాలి 40 డిగ్రీలకు తిరిగింది. ఆదిలాబాద్‌లో కొత్తగా ఏమీ మారలేదు. అక్కడినుంచి చలి మనదాకా నడిచి రాలేదని, ఆ దారిన వచ్చినది ముఖ్యంగా తేమ లేని గాలి అని, ఇక్కడి చలిని ఇక్కడి రాత్రే తయారు చేసుకుందని నేను తీసుకున్న అర్థం.

మిట్ట మీద బుధవారం రాత్రికి 13 అన్నాను, 12.4 వచ్చింది. గురువారం 11 అంటే 11.2. శుక్రవారం 11 అంటే 11.0. అదే రాత్రులలో మా కార్యాలయ ఆవరణలో ఉష్ణోగ్రత 14 కంటే తగ్గలేదు, నగరపు కాంక్రీటు చేసే పని అది. ఈ మూడు రాత్రులు చూసి నేను కాస్త ఊపిరి పీల్చుకుంటుండగా శనివారం ఉదయం రెండో ఫోను వచ్చింది. ఈసారి చెరువుకట్ట దిగువన షెడ్డు ఉన్న రైతు. ‘సార్, మీరు పదకొండంటిరి. ఈడ ఎనిమిదుంది. చాకీ తట్టల కాడ కూడా పదైదే.’

ఆయన తప్పు చదివాడేమో అనుకుని కారు తీశాను. తప్పు చదవలేదు. తేట రాత్రి గాలి ఆగిపోయినప్పుడు నేలకు ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి, నీరు పారినట్టే పల్లానికి జారుతుంది. చెరువుకట్ట దానికి అడ్డుగోడ. ఒకవైపు గుట్ట, మరోవైపు కట్ట, మధ్యన చిక్కుకున్న చల్లగాలి మడుగులో ఆయన షెడ్డు ఉంది. ఆ శనివారం ఉదయం ఆరున్నరకు నేను కట్ట మీద నిలబడి ఉండగా చెవులకు చలి అంతగా తెలియలేదు. మెట్లు దిగి షెడ్డు ముందుకు వచ్చేసరికి నోట్లోంచి ఆవిరి కనబడింది. తేడా ఇరవై అడుగుల ఎత్తు మాత్రమే. ఊరి పొయ్యిల పొగ కూడా కట్ట ఎత్తు దాకా లేచి అక్కడ బల్లపరుపుగా పరుచుకుని ఉంది, ఇన్వర్షన్ (కింద చల్లగాలి, పైన వెచ్చగాలి ఉండే స్థితి) ఎక్కడిదాకా ఉందో ఆ పొగే గీత గీసి చూపింది. అందుకే ఈ ప్రాంతంలో గుట్ట వాలు నడుమ ఉన్న తోటలు పల్లపు తోటల కంటే వెచ్చగా ఉంటాయి. ఊళ్లలో పెద్దవాళ్లకు ఇది తెలిసిన సంగతే, తాలూకా మొత్తానికి ఒకే అంకె పంపినవాడికే తెలియలేదు.

షెడ్డులో ఒక మూల బొగ్గుల కుంపటి రాజుకుంటూ ఉంది, తలుపులూ కిటికీలూ గోనెసంచులతో మూసి ఉన్నాయి. ముందు వాటిని కొద్దిగా తెరిపించాను. కుంపటి పొగ పురుగులకు చేసే హాని ఒక ఎత్తు, లోపల పడుకునే మనుషుల ప్రాణానికి ఉన్న ప్రమాదం మరొక ఎత్తు. నా అంకె సరిగ్గా ఉండి ఉంటే ఆయన సాయంత్రమే విద్యుత్ హీటరు సిద్ధం చేసుకునేవారు, తెల్లవారుజామున కంగారుగా బొగ్గులు వెతుక్కునేవారు కాదు. ఈ కేసులో నాకు అన్నిటికంటే బరువుగా తోచిన విషయం ఇదే.

శనివారం రాత్రికి మిట్టకు 10 అన్నాను. డ్యూ పాయింట్ ఇంకా తగ్గింది, ఆకాశం నీలంగా మెరుస్తోంది, అన్నీ చలికి అనుకూలమే. ఉదయం మిట్టమీద 12.9 వచ్చింది, పల్లంలో 12.2. అధిక పీడనం మరింత బలపడి గాలి రాత్రంతా ఆగకుండా వీచింది. వీచే గాలి నేలకు ఆనుకున్న చల్లని పొరను పైనున్న వెచ్చని గాలితో కలిపేసింది. అందుకే మిట్టకూ పల్లానికీ ముందు రోజున్న మూడు డిగ్రీల తేడా ఒక డిగ్రీలోపుకు వచ్చేసింది. తమాషా ఏమిటంటే, వీచే గాలి వల్ల బయట తిరిగే మనిషికి ఆ వారంలో అన్నిటికంటే చలిగా అనిపించిన రాత్రి అదే. రైతులు ‘ఈ రాత్రి మీ మాట నిజమే సార్’ అన్నారు. థర్మామీటరు మాత్రం ఒప్పుకోలేదు, షెడ్డు లోపలి పురుగులకు కూడా ఆ రాత్రి సులువుగానే గడిచింది.

ఆదివారం పడమటినుంచి ఎత్తైన పలచని మబ్బు వచ్చి మిట్టను 14 దగ్గర ఆపింది. చలి ముగిసింది.

ఆ తరువాత పనిలో మార్చుకున్నవి ఎక్కువేమీ లేవు. మంగళవారం నాటి సందేశంలో ఒక అంకె ఉంటే, ఇప్పుడు మిట్టకు ఒకటి, పల్లానికి ఒకటి, గాలి వీస్తే రెండింటికీ కలిపి మరొకటి వెళ్తున్నాయి. మధ్యాహ్నపు సందేశం ముందస్తు సమాచారం మాత్రమేనని, అసలు మాట సాయంత్రం ఆరున్నరకు వస్తుందని రైతులకు చెప్పాను. ఆ ఆలస్యం వల్ల తీరపు డ్యూ పాయింట్, మా రెండు బల్బుల అంకెలు, పై గాలి కోణం మూడూ చేతికి వస్తాయి. హీటరు వేళ కూడా మారింది. బయటి కనిష్ఠం సూర్యోదయపు ప్రాంతంలో వస్తుంది, కాని రేకుల షెడ్డులో చలి రాత్రి రెండింటికే గట్టిపడుతుంది. పదింటినుంచి తిప్పడం కంటే ఒంటిగంటనుంచి ఏడింటిదాకా తిప్పడం మేలని లోపల పెట్టిన థర్మామీటర్ల గీతలు చూపాయి. ఒంటిగంట వేళ లేచి పెట్టే ఓపిక అందరికీ లేదు కనుక టైమరు కొనమన్నాను. కొందరు కొన్నారు.

నమ్మకాన్ని అంకెలో చెప్పడం మానలేదు. మానమని బృందంలో ఒకరు సలహా ఇచ్చారు, ‘పెట్టమనండి, లేకపోతే వద్దనండి, పదిలో ఎనిమిదేమిటి’ అని. నేను ఒప్పుకోలేదు. చాకీ పురుగులు ఉన్న రైతు పదిలో మూడు పాళ్లకే హీటరు పెట్టాలి, నాలుగో జ్వరం దాటి మేస్తున్న పెద్ద పురుగులున్న రైతు పదిలో ఏడు దాకా ఆగవచ్చు. ఆ నిర్ణయం నా కంటే వారికే బాగా తెలుసు.

కట్ట దిగువ రైతు ఇప్పుడు సాయంత్రం అయిదున్నరకు తానే ఫోను చేసి రెండు బల్బుల అంకెలు చెబుతారు. ఈమధ్య ఒకరోజు 21.5, 21 అన్నారు. పొద్దుటినుంచి ఉత్తరపు గాలి, మబ్బు తునక లేదు, అయినా గాలి నిండా తేమ ఉన్నట్టు లెక్క. ‘తడి బల్బు గుడ్డ ఒకసారి తాకి చూడండి’ అన్నాను. ఫోను పక్కన పెట్టి వెళ్లారు, కాసేపటికి వచ్చి, ‘ఎండిపోయి కరకరలాడతా ఉంది సార్, నీళ్లు పోసి పావుగంటలో మళ్లీ చేస్తా’ అన్నారు. రెండోసారి 14.8 చెప్పారు. పల్లానికి 9 అని పంపాను.